క్యాప్చర్ కార్డు ఫ్రేములు మింగేస్తోందా? డ్రైవర్ బఫర్ల లెక్క ఇలా తేల్చండి

పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకూ, గుడి దగ్గర నుంచో ఫంక్షన్ హాల్ నుంచో లైవ్ ఇచ్చేవాళ్లకూ ఒకే రకం తలనొప్పి. వీడియో మధ్యమధ్యలో గెంతుతుంది, లేదా అరగంట గడిచేసరికి మాటకూ పెదవులకూ పొంతన ఉండదు, అదీ కాదంటే మొదట్లోనే 'కెనాట్ అలొకేట్ మెమరీ' అని ఒక లైను పడి అంతా ఆగిపోతుంది. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒక్కటే, ర్యామ్ పెంచమని. 16 జీబీ ర్యామ్‌లో 12 జీబీ ఖాళీగా పడి ఉన్న మెషీన్‌లో కూడా ఇదే గొడవ వస్తుంది, ఎందుకంటే వీడియో క్యాప్చర్ డ్రైవర్ ఉన్న ర్యామ్ అంతా వాడుకోదు, దానికి విడిగా కొన్ని హద్దులు ఉంటాయి. మీకు తగులుతున్నది అందులో ఏ హద్దో తెలియకుండా కనిపించిన సెట్టింగ్‌నల్లా పెంచుకుంటూ పోతే రోజు పోతుంది, పని కాదు.

ఇదంతా లైనక్స్ మీద పనిచేసేవాళ్ల కోసం. కమాండ్ల పేర్లు మనం పలికినట్టే రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రికార్డింగ్ ప్రోగ్రామ్ మొదలవగానే డ్రైవర్‌ను "నాకు ఇన్ని బఫర్లు కావాలి" అని అడుగుతుంది. బఫర్ అంటే ఫ్రేమును కాసేపు పెట్టుకునే మెమరీ జాగా, ఒక్కో బఫర్‌లో ఒక పూర్తి ఫ్రేము పడుతుంది. డ్రైవర్ అడిగినన్ని ఇవ్వచ్చు, తగ్గించి ఇవ్వచ్చు, తనకు కనీసం ఇన్ని ఉండాలనుకుంటే పెంచి కూడా ఇవ్వచ్చు, ఎన్ని ఇచ్చిందో జవాబులో చెబుతుంది. ఆ తర్వాత ప్రోగ్రామ్ ఖాళీ బఫర్లను వరుసలో పెడుతుంది, కార్డు వాటిని ఒక్కొక్కటే నింపుతుంది, ప్రోగ్రామ్ నిండినదాన్ని తీసుకుని పని ముగించి మళ్లీ ఖాళీగా వరుసలో పెడుతుంది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి పోసేచోట ఖాళీ బస్తా పట్టుకునేవాళ్లు ఒక్క క్షణం ఆలస్యమైతే సరుకు నేలపాలయినట్టే, ఫ్రేము వచ్చిన సమయానికి వరుసలో ఖాళీ బఫర్ లేకపోతే ఆ ఫ్రేము పోతుంది. పైగా డ్రైవర్ దీనికి ఎర్రర్ ఏమీ ఇవ్వదు. తర్వాతి ఫ్రేము నంబరులో ఒక అంకె దాటి పోతుంది, అంతే.

ఇక లెక్క. ఈ ఒక్కటీ కాగితం మీద వేసుకుంటే సగం అయోమయం తీరుతుంది. మన దగ్గరి వీహెచ్ఎస్ క్యాసెట్లు పాల్ పద్ధతివి, అంటే 720 అడ్డం, 576 నిలువు, సెకనుకు 25 ఫ్రేములు. క్యాప్చర్ కార్డులు ఎక్కువగా ఇచ్చే వైయూవైవీ, యూవైవీవై ఫార్మాట్లలో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు పడతాయి కాబట్టి ఒక ఫ్రేముకు 8,29,440 బైట్లు. అదే ఫుల్ హెచ్‌డీ, 1920 బై 1080 అయితే 41,47,200 బైట్లు. 4కే అయితే దానికి సరిగ్గా నాలుగింతలు, 1,65,88,800. ఎన్‌వీ12 ఫార్మాట్ అయితే పిక్సెల్‌కు ఒకటిన్నర బైటే, ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 31,10,400కు దిగుతుంది.

ఇప్పుడు హద్దు 16 ఎంబీ అనుకోండి, అంటే 1,67,77,216 బైట్లు. అందులో వీహెచ్ఎస్ ఫ్రేములు 20 పడతాయి, ఫుల్ హెచ్‌డీవి 4, 4కే అయితే ఒక్కటే. ఒక్క బఫర్‌తో స్ట్రీమింగ్ నడవదు, కార్డు ఒకటి నింపుతుండగా ప్రోగ్రామ్ చేతిలో ఇంకొకటి ఉండాలి, మధ్యలో కనీసం ఒకటైనా కాచుకుని ఉండాలి. క్యాసెట్లకు ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన సెటప్, హెచ్‌డీ కెమెరా తగిలించిన రోజే మొరాయించడానికి కారణం చాలాసార్లు ఇదే. హద్దు మారలేదు, ఫ్రేము అయిదింతలు పెరిగింది.

మీ దగ్గర అసలు ఎన్ని బఫర్లు దొరుకుతున్నాయో చూడటానికి వీ4ఎల్2-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. అందులోని వీ4ఎల్2-సీటీఎల్ కమాండ్‌కు స్ట్రీమ్-ఎమ్‌మ్యాప్ అనే ఆప్షన్ ఉంది, దాని పక్కన కావలసిన బఫర్ల సంఖ్య ఇవ్వచ్చు. స్ట్రీమ్-కౌంట్ దగ్గర ఒక 1500 పెట్టండి (క్యాసెట్ అయితే అది ఒక నిమిషం), వెర్బోస్ కూడా చేర్చి నడపండి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో లైను పడుతుంది. ఆ లైనులో డీక్యూబఫ్ పక్కన బఫర్ నంబరు, సీక్వెన్స్ పక్కన ఫ్రేము నంబరు, బైట్స్‌యూజ్డ్ పక్కన 829440 లాంటి అంకె ఉంటాయి. బఫర్ నంబరు 0, 1, 2, 3 దాకా వెళ్లి మళ్లీ 0కు వస్తుంటే మీకు దొరికినవి నాలుగే, మీరు 16 అడిగినా సరే. సీక్వెన్స్ 124 తర్వాత 127 వచ్చిందంటే 125, 126 పోయినట్టు. బైట్స్‌యూజ్డ్ తక్కువగా ఉంటే ఫ్రేము సగమే వచ్చింది, అప్పుడు చూడాల్సింది బఫర్లను కాదు, కేబుల్‌నూ యూఎస్‌బీ పోర్టునూ. ఒక్కో ఫ్రేమును కుదించి పంపే ఎంజెపెగ్ ఫార్మాట్‌లో మాత్రం ఆ అంకె ఫ్రేము ఫ్రేముకూ మారుతూనే ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి.

ఈ పరీక్షను రెండుసార్లు చేయండి. ఒకసారి ఎక్కడా రాయకుండా ఫ్రేములు తీసుకుని వదిలేయడం, రెండోసారి మీరు రోజూ రికార్డ్ చేసే డిస్క్ మీదికే రాయడం. మొదటిదాంట్లో ఒక్క ఫ్రేము కూడా పోకుండా రెండోదాంట్లో పోతుంటే డ్రైవర్‌లో తప్పేం లేదు, డిస్క్ వెనకబడుతోంది. మొదటిదాంట్లోనే పోతుంటే కింద చెప్పే హద్దుల్లో ఒకటి తగులుతోంది.

మొదటిది డ్రైవర్ రాసినవాళ్లే పెట్టిన హద్దు. పాత సీఎక్స్88 టీవీ కార్డు డ్రైవర్‌లో విడ్-లిమిట్ అనే సెట్టింగ్ ఉండేది, క్యాప్చర్‌కు వాడే మెమరీ ఎన్ని ఎంబీలు మించకూడదో చెప్పేది, ఏమీ ఇవ్వకపోతే 16. అది పనిచేసే తీరు చాలా సూటిగా ఉంటుంది: ఫ్రేము సైజును బఫర్ల సంఖ్యతో గుణించి, 16 ఎంబీ దాటితే సంఖ్యలోంచి ఒకటి తీసేయడం, ఇంకా దాటితే ఇంకొకటి తీసేయడం, హద్దులోకి వచ్చేదాకా అంతే. క్యాసెట్ ఫ్రేములకు ప్రోగ్రామ్ 32 అడిగినా చేతికి 20 వస్తాయి, ఎందుకు తగ్గాయో ఎక్కడా రాయదు. బీటీ878 చిప్ కార్డులకు వాడే బీటీటీవీ డ్రైవర్‌లో అదే పని ఇంకో రకంగా ఉండేది. జీబఫర్స్ అని సంఖ్యకు ఒకటి (2 నుంచి 32 దాకా, మామూలుగా 8), జీబఫ్‌సైజ్ అని ఒక్కో బఫర్ సైజుకు ఇంకొకటి, మామూలుగా హెక్స్‌లో 208000, మన లెక్కలో 21,29,920 బైట్లు. పాల్ ఫ్రేముకు పిక్సెల్‌కు 4 బైట్లు వేసుకున్నా అందులో హాయిగా పడుతుంది కాబట్టి ఆ సైజును ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, సంఖ్య ఒక్కటి చూసుకుంటే చాలు.

మీ డ్రైవర్‌కు ఏ సెట్టింగ్‌లు ఉన్నాయో మోడ్ఇన్ఫో కమాండ్‌కు డ్యాష్ పీ ఇచ్చి, పక్కన మాడ్యూల్ (అంటే డ్రైవర్) పేరు రాస్తే జాబితా వస్తుంది. నెట్‌లో ఎవరో రాసిన పేరు గుడ్డిగా నమ్మే ముందు ఇది చూడండి. ఇప్పుడు నడుస్తున్న విలువ ఎంతో సిస్ ఫోల్డర్‌లో మాడ్యూల్, దాని కింద డ్రైవర్ పేరు, దాని కింద పారామీటర్స్‌లో కనిపిస్తుంది. మార్చాలంటే ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఒక ఫైలు పెట్టి, అందులో ఒకే లైను: ఆప్షన్స్ అనే పదం, ఖాళీ, మాడ్యూల్ పేరు, ఖాళీ, సెట్టింగ్ పేరు, సమానం గుర్తు, అంకె. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. తర్వాత ఆ మాడ్యూల్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాలి, కార్డును వాడుతున్న ప్రోగ్రామ్ ఏదైనా తెరిచి ఉంటే అది దిగదు, 'ఇన్ యూజ్' అంటుంది. అన్నీ మూసేసినా దిగకపోతే రీస్టార్ట్ చేయడమే సులువు.

రెండో హద్దు 32. లైనక్స్‌లో ప్రోగ్రాములు వీడియో పరికరాలతో మాట్లాడే పద్ధతి అయిన వీ4ఎల్2లో ఒక వరుసకు గరిష్ఠంగా 32 బఫర్లు అనేది చాలాకాలంగా ఉన్న నియమం. ఇటీవలి కెర్నళ్లలో (కెర్నల్ అంటే లైనక్స్ లోపలి ప్రధాన ప్రోగ్రామ్) డ్రైవర్ కావాలనుకుంటే ఇంకా పెద్ద హద్దు పెట్టుకునే వీలు వచ్చింది గానీ మామూలు కార్డులకు 32 అనే అనుకోండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ అయితే ఏకంగా 256 బఫర్లు అడుగుతుంది, డ్రైవర్ దాన్ని 32కో అంతకన్నా తక్కువకో దించుతుంది. పెద్ద కంప్యూటర్‌లో దీనివల్ల నష్టం లేదు, క్యాసెట్‌కు 32 అంటే 2,65,42,080 బైట్లు, 25 ఎంబీ చిల్లర. ఫుల్ హెచ్‌డీకి మాత్రం అది 13,27,10,400 అవుతుంది, చిన్న బోర్డుల మీద ఇదే కొంప ముంచుతుంది.

అక్కడికే వస్తున్నాను. మూడో హద్దు, ఒక్కచోట వరుసగా దొరకాల్సిన మెమరీ. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల్లో కెమెరా పోర్టుకు తగిలించిన కెమెరా, వీడియో కోడెక్ లాంటివి ముక్కలు ముక్కలుగా ఉన్న మెమరీని వాడుకోలేవు, తెగకుండా ఒకే ముక్కగా కావాలి. దానికోసం కెర్నల్ మొదట్లోనే సీఎంఏ అని కొంత పక్కన పెడుతుంది. ప్రాక్ కింద మెమ్ఇన్ఫో ఫైలు తెరిస్తే సీఎంఏ టోటల్, సీఎంఏ ఫ్రీ అని రెండు లైన్లు ఉంటాయి. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఒకసారి, నడుస్తుండగా ఒకసారి చూడండి. టోటల్ 64 ఎంబీ ఉండి మీరు ఫుల్ హెచ్‌డీలో 32 బఫర్లు అడిగితే ఏమవుతుందో పైన అంకెలే చెబుతున్నాయి. ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, దొరికినన్ని బఫర్లతోనే డ్రైవర్ సర్దుకుంటుంది, తర్వాత వీడియోను కుదించే ఎన్‌కోడర్ వచ్చి తన వాటా అడిగినప్పుడు అది పడిపోతుంది, మనం ఎన్‌కోడర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాం. దీనికి ముందు చేయాల్సింది బఫర్లు తగ్గించి అడగడం, 6 అడగండి. అప్పటికీ చాలకపోతేనే బూట్ లైనులో (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్ల లైను) సీఎంఏ సమానం 256ఎమ్ అని పెంచండి. పక్కన పెట్టిన మెమరీ మరీ ఎక్కువైతే 1 జీబీ బోర్డు మీద మిగతా పనులకు ఇబ్బందే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు, హెచ్‌డీఎంఐ డాంగిల్‌లు నడిపే యూవీసీ డ్రైవర్ ఫ్రేము బఫర్లను మామూలు మెమరీలోంచే తీసుకుంటుంది, సీఎంఏతో దానికి సంబంధం లేదు. డాంగిల్ కోసం సీఎంఏ పెంచి లాభం లేదు.

పొద్దున బాగానే నడిచి సాయంత్రానికి మెమరీ ఎర్రర్ ఇస్తుంటే మెమరీ ముక్కలైపోయి ఉండొచ్చు. చౌకగా దొరికే ఈజీక్యాప్ డాంగిల్‌లలో ఎస్‌టీకే1160 చిప్ ఉన్నవాటి డ్రైవర్‌కు ఇందుకే కీప్-బఫర్స్ అనే సెట్టింగ్ ఇచ్చారు. స్ట్రీమింగ్ ఆపినా బఫర్లను వదలకుండా పట్టుకుని ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. రోజంతా ఒక క్యాసెట్ తీసి ఇంకో క్యాసెట్ పెట్టేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. పాత పీసీఐ కార్డులవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, ఆ కార్డులు 4 జీబీకి పైనున్న మెమరీని నేరుగా అందుకోలేవు, మధ్యలో ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ అనే 64 ఎంబీ తాత్కాలిక జాగా వాడాల్సి రావచ్చు. కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్‌లో ఆ పేరుతో 'బఫర్ ఈజ్ ఫుల్' అని కనిపిస్తే అదే. బూట్ లైనులో దాని విలువ 65536 ఇస్తే 128 ఎంబీ అవుతుంది, ఒక్కో అంకెకు 2 కేబీ లెక్క.

నాలుగోది యూఎస్‌బీ. మనవాళ్లను ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. రెండు డాంగిల్‌లు ఒకే హబ్‌కు పెట్టి రెండోదాన్ని ఆన్ చేయగానే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని వస్తుంది. అది చూసి హార్డ్ డిస్క్ ఖాళీ చేయడం మొదలుపెడతారు, పాత పెళ్లిళ్లు డిలీట్ చేసేవరకూ పోతారు. దయచేసి ఆగండి, ఆ మాట డిస్క్ గురించి కాదు, యూఎస్‌బీ దారిలో జాగా లేదని. యూఎస్‌బీ 2లో ఈ తరహా వీడియో పరికరం ఒకటి సెకనుకు ఎక్కువలో ఎక్కువ 2,45,76,000 బైట్లు తీసుకోగలదు. 640 బై 480 వైయూవైవీ, 30 ఫ్రేముల వేగంతో 1,84,32,000 బైట్లు అడుగుతుంది. ఒకటి పడుతుంది, అలాంటిదే ఇంకొకటి అదే దారిలో పట్టదు. చౌక హెచ్‌డీఎంఐ డాంగిల్ ఫుల్ హెచ్‌డీ వైయూవైవీలో 5 ఫ్రేములే చూపించడానికి కారణం కూడా ఈ అంకే, వేసి చూడండి, 5 అయితే పడుతుంది, 6 అయితే దాటుతుంది.

ఎంజెపెగ్‌లోకి మారినా రెండోది నడవకపోవచ్చు. చాలా పరికరాలు నిజంగా పంపేది కొంచెమే అయినా ముందే గరిష్ఠ జాగా రిజర్వ్ చేసుకుంటాయి. యూవీసీ డ్రైవర్‌లో క్వర్క్స్ సమానం 128 అనే సెట్టింగ్ గురించి విని ఉంటారు, అది అసలు అవసరాన్ని లెక్కగట్టి రిజర్వేషన్ తగ్గిస్తుంది గానీ కంప్రెస్ చేయని ఫార్మాట్లకే, ఎంజెపెగ్‌కు పనిచేయదు. నమ్మకమైన దారి రెండు డాంగిల్‌లను వేరువేరు యూఎస్‌బీ కంట్రోలర్లకు పెట్టడం. ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కు డ్యాష్ టీ ఇస్తే ఏది ఏ బస్ కింద ఉందో చెట్టులా చూపిస్తుంది. ముందూ వెనకా పోర్టులు ఒకే బస్ కింద ఉండే మెషీన్లూ ఉన్నాయి కాబట్టి పోర్టు ఎక్కడుందో చూసి అనుకోవడం కాదు, ఇందులో చూడండి.

ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టులకు యూఎస్‌బీ 3 ఇండస్ట్రియల్ కెమెరా వాడే పిల్లలకు తగిలేది వేరే హద్దు. ఆ కెమెరాల సాఫ్ట్‌వేర్ చాలావరకు వీ4ఎల్2 డ్రైవర్ జోలికి పోకుండా యూఎస్‌బీఎఫ్ఎస్ ద్వారా నేరుగా మాట్లాడుతుంది, దానికి మొత్తం కలిపి 16 ఎంబీ అని ఒక పరిమితి ఉంది. పైన చెప్పిన సీఎక్స్88 16 ఎంబీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, అంకె ఒక్కటే కలిసింది. సిస్ కింద మాడ్యూల్, యూఎస్‌బీకోర్, పారామీటర్స్, అందులో యూఎస్‌బీఎఫ్ఎస్-మెమరీ-ఎంబీ (usbfs_memory_mb) అనే ఫైలులో 1000 అని రాస్తే అప్పటికప్పుడు మారుతుంది. రీస్టార్ట్ తర్వాత కూడా ఉండాలంటే గ్రబ్ బూట్ లైనులో యూఎస్‌బీకోర్ డాట్ అని ముందు పెట్టి ఇదే పేరు రాయాలి. 0 ఇస్తే పరిమితే ఉండదు, నేనైతే 0 పెట్టను, ప్రోగ్రామ్‌లో మెమరీ లీక్ ఉంటే మెషీన్ మొత్తం ఉక్కిరిబిక్కిరవుతుంది.

మరి ఎన్ని బఫర్లు పెట్టుకోవాలి? మీ డిస్క్ అప్పుడప్పుడు ఎంతసేపు ఆగుతుందో దాన్ని బట్టి. క్యాసెట్ ఫ్రేము 40 మిల్లీసెకన్లకు ఒకటి వస్తుంది. డిస్క్ అర సెకను ఆగిందనుకుంటే ఆ లోపు 13 ఫ్రేములు వస్తాయి, పైన రెండో మూడో కలుపుకుని 16 పెట్టండి. కానీ ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేముకూ 45 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే ఎన్ని పెట్టినా తీరదు: 20 బఫర్లు 7 సెకన్లలో నిండిపోతాయి, 32 పెట్టినా 12 సెకన్లు దాటవు. ఆగి ఆగి వచ్చే ఇబ్బందికే బఫర్ మందు, ఎప్పుడూ నెమ్మదిగా ఉండేదానికి ఎన్‌కోడర్ ప్రీసెట్ మార్చాలి. అలాగని కంప్రెస్ చేయకుండా రాద్దామనుకుంటే క్యాసెట్ గంటకు దాదాపు 75 జీబీ అవుతుంది, అందుకే ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి లాస్‌లెస్ కోడెక్ పెట్టి, చివర్లో తీరిగ్గా చిన్న ఫైలుగా మార్చుకోవడం మంచిది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ 'థ్రెడ్ మెసేజ్ క్యూ బ్లాకింగ్' అని పసుపు రంగు లైను చూపిస్తే అది డ్రైవర్ బఫర్ల గొడవ కాదు, దాని సొంత వరుస చిన్నదైంది, థ్రెడ్-క్యూ-సైజ్ (thread_queue_size) పెంచండి, అది ఇన్‌పుట్ పేరుకు ముందు రాయాలి.

ఒక ముఖ్యమైన తేడా: నలిగిన క్యాసెట్‌లో సింక్ పోయినచోట వీసీఆర్ నుంచి కార్డుకు సరైన సిగ్నలే రాదు. అప్పుడు పోయే ఫ్రేములకు బఫర్లతో పని లేదు, టేపులో అదే చోట ప్రతిసారీ గెంతుతుంటే అదేనని గుర్తు. వీసీఆర్‌కూ కార్డుకూ మధ్య సిగ్నల్ టైమింగ్ సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ పెట్టాలి, లేదా సిగ్నల్‌ను నిలబెట్టి పంపే పాత డీవీడీ రికార్డర్ ఒకటి సంపాదించాలి.

లైవ్ ఇచ్చేవాళ్లకు నా సలహా 4 నుంచి 6 బఫర్లు. ప్రోగ్రామ్ వెనకబడినప్పుడు వరుసలో ఎన్ని ఫ్రేములు పేరుకుంటే అంత ఆలస్యం తెర మీద కనిపిస్తుంది, లైవ్‌లో ఒక ఫ్రేము పోయినా ఎవరికీ తెలియదు గానీ ఒక సెకను ఆలస్యం తెలుస్తుంది. క్యాసెట్‌కు దీనికి పూర్తిగా తిరగేసి, ఒక్క ఫ్రేము పోకూడదు, ఆలస్యం ఎంతైనా పర్లేదు. ఒకే మెషీన్‌తో రెండు పనులూ చేస్తుంటే రెండు స్క్రిప్టులు విడిగా పెట్టుకోండి.

పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ లైవ్ లాంటి, మళ్లీ తీయడం కుదరని పని ఉంటే ముందురోజే అదే కేబుళ్లు, అదే పోర్టులు, అదే హబ్ పెట్టి ప్రోగ్రామ్ ఎన్ని గంటలో అన్ని గంటలూ నడిపి చూడండి, సీక్వెన్స్ అంకెల్లో ఎక్కడైనా దాటు ఉందేమో వెతకండి. ఆ వారంలో కెర్నల్ అప్‌డేట్ వేయకండి. వేయక తప్పకపోతే, వేసిన వెంటనే డీమెసేజ్‌లో మీ డ్రైవర్ పేరు వెతకండి. కొత్త కెర్నల్‌లో డ్రైవర్‌ను తిరగరాసి పాత సెట్టింగ్ తీసేసి ఉంటే మీ కాన్ఫ్ ఫైలు అలాగే ఉంటుంది, డ్రైవర్ కూడా ఎక్కుతుంది, 'అన్‌నోన్ పారామీటర్' అని సెట్టింగ్ పేరు చెప్పి 'ఇగ్నోర్డ్' అనే ఒక్క లైను మాత్రం అందులో పడి ఉంటుంది. అది కనిపిస్తే ఆ లైను కాన్ఫ్ ఫైలులోంచి తీసేసి, కొత్త డ్రైవర్ ఎన్ని బఫర్లు ఇస్తోందో స్ట్రీమ్-ఎమ్‌మ్యాప్‌తో మళ్లీ కొలవండి.